నోరు లేని బొమ్మలు: బెల్కిస్ అయోన్ అచ్చుల గురించి

(ఒక అచ్చుకళ కార్యశాలలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని మాట్లాడినట్టే ఉంచి, పునరుక్తులు మాత్రం తీసేశాం.)

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కింద చాప ఉంది. బాబూ, ఆ ట్యూబులైటు ఆపేయ్. ఆ, చాలు.

ఈ బొమ్మని ఒక్క నిమిషం ఊరికే చూడండి. ఎవరిదో, ఎక్కడిదో తర్వాత చెబుతాను.

సరే. ఇందులో ఏది లేదో చెప్పండి.

(సభలోంచి: "రంగు లేదండి.")

లేదు. ఉన్నదంతా నలుపు, తెలుపు, మధ్యలో బూడిద. ఇంకా?

("జుట్టు లేదు.")

అవును, అందరివీ గుండ్లే. ఇంకా చూడండి.

("నోరు లేదు సార్.")

అదీ. ఎవరమ్మా అన్నది? బాగా చూశావు. ఒక్కరికీ నోరు లేదు. మొహమంతా కలిపి రెండు కళ్లు. ఆ కళ్లు మాత్రం ఎటు జరిగినా మనల్ని వదలవు. నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత చెప్పుకునే వాళ్లం మనం. ఈవిడ బొమ్మల్లో ఊరికి ఊరే ఉంది గానీ నోరు లేదు.

ఈ బొమ్మ పేరు 'లా సేనా', అంటే రాత్రి భోజనం. ఏసుక్రీస్తు చివరి విందు మీకు తెలిసిందే, మన ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లల్లో క్యాలెండరు బొమ్మగా కూడా చూసుంటారు. పొడవాటి బల్ల, మధ్యలో ఆయన, అటూ ఇటూ శిష్యులు. ఇక్కడా బల్ల ఉంది, కూర్చున్నవాళ్లున్నారు. క్రీస్తు కూర్చోవాల్సిన చోట మాత్రం ఒక ఆడమనిషి ఉంది. తెల్లగా ఉందే, ఆమె. పేరు సికాన్. 1991లో చేసిన అచ్చు ఇది. దాదాపు మూడు మీటర్ల వెడల్పు. మీరు తెర మీద చూస్తున్నారు కాబట్టి తెలియడం లేదు గానీ, దీని ముందు నిలబడితే బల్లకి అవతల కూర్చున్నవాళ్లు మన కొలతలోనే ఉంటారు.

చేసినావిడ బెల్కిస్ అయోన్. క్యూబా దేశం, హవానా నగరం. 1967 జనవరి 23న పుట్టింది. 1999 సెప్టెంబరు 11న పోయింది. 32 ఏళ్లు.

ఆవిడ గురించి రాసేవాళ్లు చాలామంది రెండు గుమ్మాల్లోంచి లోపలికి వెళ్తారు. ఒకటి లేమి: క్యూబాకి అండగా ఉన్న సోవియట్ యూనియన్ కూలిపోయింది, క్యూబాలో అన్నీ కరువయ్యాయి, పాపం అట్టముక్కలతో బొమ్మలు చేసుకుంది అని. రెండోది చావు: చిన్న వయసులో ఆత్మహత్య చేసుకుంది, ఆ బొమ్మల్లో అంతా ముందే రాసి ఉంది అని. రెండిట్లోనూ అబద్ధం లేదు. కానీ ఆ రెండు గుమ్మాల్లోంచి పోతే బొమ్మ దాకా చేరం. మనం అచ్చులు తీసుకునే వాళ్లం, వెనక తలుపు నుంచి వెళ్దాం. అట్ట దగ్గర్నుంచి.

ఇదిగో, ఈ బల్ల మీద పెట్టాను చూడండి. ఇది శుభలేఖలు వేసేవాళ్ల దగ్గర తెచ్చుకున్న మందపాటి అట్ట. దీని మీద నేను నిన్న అంటించినవి: శాండ్‌పేపర్ ముక్కలు మూడు రకాలు, ఉల్లిపొట్టు, పాత లేసు, ఒక మూల కాస్త ఫెవికాల్ రాసి దాని మీద చల్లిన కార్బోరండం పొడి. సాన పట్టడానికి వాడతారే, ఆ పొడి. మొత్తం ఆరాక పైన వార్నిష్ రెండు పూతలు. దీన్నే కొలోగ్రఫీ అంటారు. రాగిరేకు అక్కర్లేదు, యాసిడ్ అక్కర్లేదు, లిథో రాయి అక్కర్లేదు. చెక్కడం కాదు, అంటించడం.

దీనికి ఇంకు పూసి, గుడ్డతో తుడిస్తే ఏమవుతుంది? నున్నగా ఉన్నచోట ఇంకు తుడుచుకుపోతుంది. గరుకున్నచోట పట్టుకుంటుంది. ఎంత గరుకో అంత నలుపు. 80 నంబరు శాండ్‌పేపర్ అంటించిన చోటు అమావాస్య. 400 నంబరు అంటించిన చోటు మబ్బు పట్టిన మధ్యాహ్నం. తర్వాత తడి కాగితం వేసి, మీద ఫెల్ట్ దుప్పట్లు పరిచి, ప్రెస్సు రోలరు కిందికి పంపిస్తాం. అట్ట మీద ఎత్తుపల్లాలు కాగితంలోకి కూడా దిగుతాయి. అందుకే కొలోగ్రఫీ అచ్చుని పక్కనుంచి వెలుగు పెట్టి చూడాలి. బొమ్మకి ఒళ్లుంటుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు పైన వార్నిష్ పట్టించాను గానీ అంచులకి పట్టించడం మర్చిపోయాను. తడి కాగితంలో నీళ్లన్నీ అట్ట తాగేసింది. ప్రెస్సులోంచి బయటికొచ్చాక కాగితం ఎత్తబోతే అట్ట తోలు కూడా దాంతో లేచొచ్చింది. వారం రోజుల పని. మా మాస్టారు ఒక్క మాట అనలేదు. వెళ్లి చీపురు తెచ్చి చేతికిచ్చారు. (నవ్వులు) ఇప్పటికీ వార్నిష్ డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ చీపురు గుర్తొస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒక చిన్న అట్టకే ఇంత తంటా అయితే, ఆవిడ అలాంటివి అరడజను పలకలు విడివిడిగా చేసి, విడివిడిగా అచ్చు తీసి, పక్కపక్కన చేరిస్తే ఒక బొమ్మ. ప్రెస్సు వెడల్పు ఎంతో కాగితం అంతే కదా, అంతకన్నా పెద్ద బొమ్మ కావాలంటే ముక్కలుగా చేసి అతకాల్సిందే. ఒక పలకలో మొదలైన చెయ్యి పక్క పలకలో పూర్తవ్వాలి. ఒక పలకలో నలుపు రెండో పలకలో నలుపుతో కలవాలి. పైగా అచ్చులో అన్నీ తిరగబడతాయి. కుడి ఎడమవుతుంది. ఆ లెక్కంతా తలలో పెట్టుకుని శాండ్‌పేపర్ కత్తిరించాలి. మెట్రో స్టేషను కట్టేవాళ్లు పడే కష్టం అది.

ఇందాక లేమి గురించి అన్నాను కదా. తారీఖులు చూసుకోండి. ఆవిడ హవానాలోని సాన్ అలెహాంద్రో కళాశాలలో చదివింది, 1818లో పెట్టిన బడి అది, లాటిన్ అమెరికాలో పాతవాటిలో ఒకటి. అక్కడ 1986లో చదువు ముగించింది. కొలోగ్రఫీ పట్టుకున్నది ఆ 1980ల నడుమే. తర్వాత ఉన్నత కళా సంస్థలో చేరి 1991లో పట్టా తీసుకుంది. ఆ సంస్థ ఉన్నచోటు ఒకప్పుడు డబ్బున్నవాళ్ల గోల్ఫు మైదానం. విప్లవం వచ్చాక అక్కడ ఇటుక గుమ్మటాలతో కళాశాలలు కట్టడం మొదలుపెట్టారు. సరే, అది వేరే కథ. నేను చెప్పొచ్చేది, కరువు రోజులు మొదలైంది 1991 తర్వాత. అప్పటికే ఈ పద్ధతి ఆవిడ చేతిలో ఉంది. ఏమీ దొరక్క అట్ట పట్టుకోలేదు. అట్టే కావాలని పట్టుకుంది. కరువు వచ్చేసరికి, కరువుకి లొంగని పద్ధతి ఆవిడ దగ్గర ఉంది, అంతే. కూరగాయల తొక్కలు కూడా వాడిందంటారు, వాడి ఉంటుంది, మనం ఉల్లిపొట్టు వాడలేదా? ఉల్లిపొట్టులో సన్నటి గీతలున్నాయి కాబట్టి వాడాం. వేరే దిక్కులేక కాదు.

రంగు సంగతీ అంతే. 1988లో ఇదే 'లా సేనా'ని రంగుల్లో చేసింది. ఆ తర్వాత రంగులు వదిలేసింది. రంగు ఇంకు దొరక్క కాదు, వద్దనుకుని. ఇక్కడ మనవాళ్లని ఒకర్ని తల్చుకోవాలి. చిత్తూరు ప్రాంతంలో పుట్టి, పారిస్ వెళ్లి, ఒకే పలక మీద పలచటి ఇంకు చిక్కటి ఇంకు కలవనివ్వకుండా వేసి ఒక్క దెబ్బలో బోలెడు రంగులు తీసే పద్ధతికి ప్రపంచంలో పేరు తెచ్చిన కృష్ణారెడ్డి గారు. ఆయన ఒక్క పలకలో ఎన్ని రంగులు పడతాయో చూశారు. ఈవిడ ఒక్క నలుపులో ఎన్ని నలుపులున్నాయో చూసింది. ఇద్దరికీ పలక ఉపరితలమే ప్రాణం. ఇద్దరి అచ్చులూ పక్కపక్కన గోడకి తగిలించి చూడాలని నాకో కోరిక.

ఇప్పుడు కథలోకి. నోరు ఎందుకు లేదు?

క్యూబాలో అబాకువా అని ఒక రహస్య సంఘం ఉంది. మగవాళ్లది మాత్రమే. ఇప్పటి నైజీరియా, కామెరూన్ సరిహద్దు నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు చిరుతపులి పేరుతో నడిచే తమ రహస్య సంఘాల ఆచారాన్ని వెంట తెచ్చుకున్నారు. 1836లో హవానా రేవుకి అవతలి ఒడ్డున రెగ్లా అనే ఊళ్లో మొదటి శాఖ పెట్టారు. రేవు కూలీల్లో దానికి గట్టి పట్టుండేది. ఒకరికొకరు అండ, అన్నం, పని, చావొస్తే కర్మకాండ, అన్నీ సంఘం చూసుకునేది. ప్రభుత్వాలకి వాళ్లంటే భయం, అనుమానం, చాలాకాలం వేటాడాయి. సంఘానికి గుండెకాయ ఒక డోలు. ఎకువే అంటారు. దాన్ని బయటివాళ్లు చూడకూడదు. చాటున ఉండి మోగుతుంది, వినడమే.

ఆ డోలు ఎలా వచ్చిందో చెప్పే కథలో ఉంది మన సికాన్. ఈ కథకి పాఠాంతరాలు చాలా ఉన్నాయి, నేను ఒకటి చెబుతాను.

సికాన్ ఒక రాజు కూతురు. ఏటికి నీళ్లకి వెళ్లింది. కుండ ముంచింది. కుండలోకి ఒక చేప వచ్చి పడింది. అది మామూలు చేప కాదు, టాన్జె. దైవం గొంతు దానిలో ఉంది. ఆ చేప ఎవరి దగ్గరుంటే వాళ్లకి బలం, శాంతి. పెద్దలందరూ ఏళ్ల తరబడి వెతుకుతున్న చేప, నీళ్లకెళ్లిన పిల్ల కుండలో పడింది! కుండ నెత్తిన పెట్టుకుని వస్తుంటే అది హూంకరించింది. అలా, ఆ గొంతు మొదట విన్నది ఒక ఆడపిల్ల. పెద్దలు చేపని తీసుకుని, ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నారు. ఆమె తను చేసుకోబోయేవాడికి చెప్పేసింది. వాడు పోటీ తెగవాడు. గుట్టు బయటపడింది. చేప చచ్చిపోయింది. దాని గొంతు మళ్లీ పలికించాలని డోలు చేశారు, అది పలకలేదు. అప్పుడు సికాన్‌ని బలిచ్చారు.

అదీ కథ. మొదట విన్నది ఆమె, పోగొట్టుకున్నదీ ఆమె. ఆమె బలి మీద నిలబడ్డ సంఘంలో ఆడవాళ్లకి చోటు లేదు.

బెల్కిస్ ఈ సంఘంలో మనిషి కాదు, కాలేదు. నమ్మకం ఉన్న మనిషీ కాదు, తాను నాస్తికురాలినని చెప్పుకుంది. చదువుకుంది. లిడియా కాబ్రెరా లాంటి జానపద పరిశోధకులు సేకరించినవి చదివింది, వెతికింది, అడిగింది. అప్పుడు ఆవిడకి ఒక సంగతి కనబడింది. నాకైతే ఆవిడ జీవితం మొత్తంలో ఇదే పెద్ద మలుపనిపిస్తుంది. అబాకువాకి గీతలతో వేసే గుర్తులున్నాయి, సుద్దతో నేల మీద, డోళ్ల మీద వేస్తారు. ముసుగు వేసుకుని ఆడే వేషాలున్నాయి. కానీ ఈ కథలో మనుషులకి రూపాలు లేవు. సికాన్ ఎలా ఉంటుందో గీసినవాళ్లు లేరు. మనకి సీత అనగానే ఒక బొమ్మ కళ్లముందు మెదులుతుంది, రవివర్మ దగ్గర్నుంచి సినిమాల దాకా ఎవరో ఒకరు వేసిపెట్టారు. సికాన్‌కి అలాంటి బొమ్మ లేదు. ఖాళీ. ఇరవై ఏళ్ల పిల్ల ఆ ఖాళీలో నిలబడి, నేను వేస్తాను అనుకుంది.

నమూనాకి తన ఒంటినే తీసుకుంది. సికాన్ ఆకారం బెల్కిస్ ఆకారమే. మిగతాది చర్చి బొమ్మల నుంచి అరువు తెచ్చుకుంది: విందు, విలాపం, తలల వెనక వెలుగు చక్రాలు. ఒంటి మీద చేప పొలుసులు, మెడలో పాము, చేతిలో మేక. సికాన్ కాసేపు దోషి, కాసేపు దేవత, కాసేపు అమ్మ. ఆమె కూడా తనలాగే అశాంతితో బతికిందనీ, దారి కోసం వెతుకుతూనే ఉందనీ అన్న అర్థంలో బెల్కిస్ ఒకచోట చెప్పుకుంది.

ఇక నోరు. మాట్లాడినందుకే కదా చంపారు. కాబట్టి నోరు తీసేసింది అని సులువుగా అనేయొచ్చు. రాసినవాళ్లు చాలామంది అదే రాశారు. నాకు అక్కడితో ఆగాలని లేదు. చూడండి, ఆ బొమ్మలో నోరు లేనిది సికాన్‌కి ఒక్కదానికే కాదు. మగవాళ్లకీ లేదు. ఒట్టు వేయించుకున్నవాళ్లకీ లేదు. గుట్టు దాచేవాళ్లకీ నోరు పనికిరాదు మరి! గుట్టు విప్పినామెకీ, గుట్టు కాసేవాళ్లకీ ఒకటే శిక్ష వేసింది ఈవిడ. అందరూ చూడగలరు, ఎవరూ చెప్పలేరు. అప్పటి హవానాలో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని కొందరు అంటారు, ఉండొచ్చు. ఆవిడ నోరు విప్పి చెప్పలేదు, నేనూ చెప్పను.

1993 ఆవిడకి పెద్ద ఏడాది. వెనిస్ బియెన్నాలేకి, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళాప్రదర్శనకి, పిలుపొచ్చింది. నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ అచ్చుకళ బియెన్నాలేలో బహుమతి వచ్చింది. ఇంట్లో మాత్రం కరెంటు లేదు, దేశంలో పెట్రోలు లేదు. చైనా నుంచి లక్షల సైకిళ్లు తెప్పించి జనానికి పంచుతున్న రోజులవి. వెనిస్‌కి వెళ్లాల్సిన అచ్చులు పట్టుకుని తండ్రీకూతుళ్లు సైకిళ్ల మీద విమానాశ్రయానికి బయలుదేరారన్నది ఆవిడ గురించి ఎవరు రాసినా చెప్పే సంగతి. నాకు అందులో నచ్చేది కష్టం కాదు. ఆ అచ్చులు సైకిలు మీద పోగలిగాయి చూడండి. అదే నూనెరంగుల కాన్వాసు, మూడు మీటర్లది, పట్టుకెళ్లగలరా? ముక్కల కాగితాలు కాబట్టి కదా! గోడంత బొమ్మని సంకలో పెట్టుకుని పోవచ్చు. అచ్చుకి ఉన్న సుఖం అది.

ఆ ఏడాది నుంచే తను చదివిన చోట పాఠాలు కూడా చెప్పింది. కళాకారుల సంఘంలో పదవులు చేసింది. ఇవి గబగబా చెప్పేస్తున్నాను, టైమవుతోంది.

తర్వాతి స్లైడు. ఇది 1998. చూశారా, ఇప్పుడు బల్ల లేదు, గుంపు లేదు. ఒక్క మనిషి. చుట్టూ చీకటి దగ్గరికొచ్చేసింది. కొన్ని పలకలు గుండ్రంగా చేసింది, బావిలోకి తొంగిచూసినట్టు ఉంటుంది. ఒకదాని పేరు 'నన్ను బయటికి పోనివ్వండి'. ఇంకోదాని పేరు 'పునరుత్థానం'. మరుసటి ఏడాది ఆవిడ ప్రాణం తీసుకుంది. ఎందుకన్నది దగ్గరివాళ్లకే అంతుపట్టలేదు.

ఇప్పుడు అందరూ ఆ పేర్లు పట్టుకుని వెనక్కి చదువుతారు. ఇదిగో ఇక్కడ చెప్పింది, ఇదిగో ఇక్కడ చెప్పింది అని. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. పలక చేసేవాళ్లకి తెలుసు, ఒక పలకకి వారాలు పడుతుంది. శాండ్‌పేపర్ నంబరు ఎంచుకోవాలి, జిగురు ఆరేదాకా ఆగాలి, పరీక్ష అచ్చు తీసి, నచ్చక, మళ్లీ అంటించాలి. అన్ని రోజులు అంత ఓపిగ్గా కూర్చున్న మనిషి ఆ రోజుల్లో పని చేస్తోంది. మనం కనీసం ఆ పనిని పనిగా చూడాలి. 1998 అచ్చుల్లో నలుపు మీద నలుపు వేసిన తీరు చూడండి, 1991 కన్నా ఎంత ముందుకు పోయిందో. వెళ్లిపోతున్న మనిషి చేతిపని కాదు అది. నేర్చుకుంటూనే ఉన్న చెయ్యి అది.

ఆ తర్వాత సంగతులు: పదేళ్లకి, 2009లో, హవానాలో 'న్కామె' పేరుతో ఆవిడ పని మొత్తం చూపించారు. అబాకువా వాళ్ల భాషలో అది నమస్కారం, స్తుతి లాంటి మాట. 2016లో లాస్ ఏంజెలెస్, 2017లో న్యూయార్క్, 2021లో మాడ్రిడ్. 2022లో మళ్లీ వెనిస్, ఈసారి పాత ఓడల కర్మాగారంలో మొట్టమొదటి హాల్లోనే గోడల నిండా ఆవిడ అచ్చులు. సైకిలు అక్కర్లేకుండా.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి: "సార్, సికాన్ చాలా బొమ్మల్లో తెల్లగా ఉంది కదా. తెల్ల ఇంకు వేసిందా?")

మంచి ప్రశ్న. లేదమ్మా. తెల్ల ఇంకు లేదక్కడ. అసలు ఏమీ లేదు. ఇలా రా, ఈ పలక పట్టుకో. ఇక్కడ వేలు పెట్టి చూడు. ఎలా ఉంది?

("నున్నగా ఉంది.")

వార్నిష్ పట్టించి వదిలేసిన చోటు. దీని మీద ఎంత ఇంకు పూసినా గుడ్డ పెట్టి తుడిస్తే నిలవదు, జారిపోతుంది. అచ్చులో అక్కడ కనబడేది కాగితమే. చుట్టూ ఉన్నవాళ్లందరినీ గరుకుతో చేసింది, ఇంకు పట్టుకున్నారు. ఈమె ఒక్కతి పట్టుకోలేదు. ఆ కళ్లలో తెలుపూ అంతే. శాండ్‌పేపర్‌ని కంటి ఆకారంలో కత్తిరించి తీసేసి ఉంటుంది, అడుగున నున్నటి అట్ట తేలుతుంది.

ఆగు, చెప్పడం ఎందుకు. బాబూ, లైటు వెయ్. ఆ తొట్టిలో కాగితం నానుతోంది, తీసి రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య ఒత్తండి, నీళ్లు కారకూడదు. నువ్వు గుడ్డ తీసుకో. అలా గట్టిగా కాదు, గుండ్రంగా, పైపైన. అంచులు నేను చూసుకుంటాను, ఈసారి వార్నిష్ పట్టించాను. (నవ్వులు) పలక అలా మధ్యలో పెట్టు. దుప్పట్లు వెయ్యండి. చక్రం ఎవరు తిప్పుతారు? మెల్లగా, ఆపకుండా, ఒకే ఊపు.

ఆ. ఇప్పుడు మూలలు రెండూ పట్టుకుని ఎత్తమ్మా.